ఒక్కరోజు ప్లాస్టర్

"ఏంటక్కా, కోపమొచ్చిందా?"
రాలేదు.
పొద్దున్నే ఇడ్లీ తిన్నాను, చట్నీ బాగుంది,
రాత్రి నిద్ర కూడా పట్టింది.
అయినా లేసు సెంటర్లో చెప్పులు విప్పేలోపే
ఎవరో ఒకరు అడుగుతారు.
రెండేళ్లుగా అడుగుతున్నారు.

ముప్ఫయ్యారేళ్లు తల వంచి కొక్కెం సూదితో అల్లితే
కనుబొమలు కూడా పని నేర్చుకున్నాయి,
కిందికి చూడటమే.
పాసుపుస్తకం ఫొటోకి వెళ్తే
స్టూడియో కుర్రాడు "కొంచెం నవ్వండి ఆంటీ" అన్నాడు.
అప్పటికి నవ్వుతూనే ఉన్నాను.

ఇంట్లో పంటి డాక్టరని చెప్పి
భీమవరం బస్సెక్కాను.
హిమజ గారట, చిన్నపిల్ల,
చేతుల మీద పెళ్లి గోరింటాకు ఇంకా వెలవలేదు.
బొటనవేలితో నా నుదురు పైకి నెట్టి అద్దం ఇచ్చింది.
అద్దంలో పదో తరగతి గ్రూపు ఫొటో, మూడో వరుస,
చివరి నుంచి రెండో పిల్ల.

చెవి నుంచి చెవి దాకా జుట్టులో కోసి లాగే పాత పద్ధతి ఉందట.
అయిదు చిన్న గాట్లు పెట్టి కెమెరా దూర్చేది కొత్తది.
నాలుగు నెలలకోసారి సూదిమందు, అదీ ఉంది.
"లేదంటే దారాలండీ.
చర్మం కింద దారాలు పెట్టి పైకి లాగుతాం."

దారాల దగ్గర నేను కుర్చీలో ముందుకు జరిగాను.
ఎన్నో నంబరు దారం?
ముడి ఎక్కడ వేస్తారు?
లాగినచోట బాగుండి పక్కన ముడతపడితే
విప్పి మళ్లీ అల్లడం కుదురుతుందా?
ఆవిడ పెన్ను కింద పెట్టింది.
"ఏడాదికో ఏడాదిన్నరకో కరిగిపోతాయండీ."
కరిగే దారంతో అల్లిన టేబుల్ క్లాత్
ఏ దేశం వాడు కొంటాడమ్మా,
అనలేదు, మింగేశాను.

రేటు వినగానే మాత్రం
రెండు కనుబొమలూ వాటంతటవే లేచాయి,
పైసా ఖర్చు లేకుండా.

ఆవిడ నవ్వి, తెల్ల ప్లాస్టర్ ముక్కలు రెండు
నుదుటి మీద బిగించి అంటించింది.
"రేపటి దాకా ఇలా ఉండి చూడండి."

నరసాపురం రేవులో పంటు ఎక్కి
మోటారుసైకిళ్ల మధ్య నిలబడ్డాను.
తల ఎత్తలేదు. ఎత్తకుండానే
సఖినేటిపల్లి ఒడ్డున కొబ్బరి మొవ్వులు,
వాటి పైన ఇంకో జానెడు ఆకాశం,
అందులో కొంగలు, ఇళ్లకి పోతూ.
ఈ జానెడు నా దగ్గర్నుంచి ఎప్పుడు పోయింది?

"పంటి డాక్టరు నుదుటికి ప్లాస్టరేశాడేంటే?"
అన్నాడు ఆశీర్వాదం, కంచం ముందు.
నరాలన్నీ కలిసే ఉంటాయన్నాను.

మర్నాడు పల్లాలమ్మ కెవ్వుమంది:
"అక్కా, లాటరీ తగిలిందా?"
ఆ రోజంతా అన్నిటికీ ఆశ్చర్యపోతూనే ఉన్నాను,
పంచదార అయిపోయిందన్నా,
కరెంటు పోయిందన్నా.

మూడింటికి ఏజెంటు కొండబాబు వచ్చాడు.
పదిహేనేళ్లుగా నా ముందు నిలబడే లెక్క కట్టే మనిషి
కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.
"డజనుకి నలభై తగ్గించాలండి ఈసారి, ఆయ్."
అతని వైపు చూశాను, బాగా చూశాను.
నా చూపు దారిలోనే ఎక్కడో జారిపోయింది.
"అయితే మీకు ఇష్టమేగా," అని పుస్తకం తెరిచాడు.

బాత్రూంలోకెళ్లి ప్లాస్టర్లు పీకాను.
నాలుగు వెంట్రుకలు కూడా వచ్చాయి.
కనుబొమలు ఎవరి చోట్లో అవి దిగి కూర్చున్నాయి.
తిరిగొచ్చి ఎదురుగా నిలబడ్డాను, ఏమీ అనకుండా.
"పాత రేటే వేస్తాలెండి, కోప్పడకండి."
నిజానికి ఆ ఒక్కసారి కోపం వచ్చింది.
బయటికి తేడా ఏం తెలియదు.

నుదురు జోలికి వెళ్లను.
పై రెప్ప తోలు కాస్త తీస్తే చాలునేమో అని
ఆవిడ తలుపు దగ్గర ఏదో అంది,
అప్పుడు నేను రేటు దిగుల్లో ఉన్నాను.
ఫోన్ చేసి అడగాలి.

సాయంత్రం పంటు మీద, ఎవరూ చూడకుండా,
చూపుడువేలితో కుడి రెప్ప ఎత్తిపట్టాను.
జానెడు ఉంది అక్కడే.
కొంగలు అప్పటికే వెళ్లిపోయాయి.
అవతలి ఒడ్డు తగిలేదాకా
చెయ్యి దించలేదు.